గోరువెచ్చని గుమ్మం

ఒన్‌ఫ్లర్, ఫ్రాన్స్
మే నెల

తాయారు వదినకి, నీ ఆడపడుచు సుధామణి నమస్కారాలు.

ఫోనులో మనం ఇప్పటిదాకా మాట్లాడుకున్నది రెండే ముక్కలు. నువ్వు "ఏటి, ఏటి?" అంటావు, నేను "వినబడుతోందా?" అంటాను. ఈలోగా మీకు కరెంటు పోతుంది. అందుకని కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపుతున్నాను. లైను వచ్చినప్పుడు నెమ్మదిగా చేరుతుంది. నాన్న గుడి అరుగు మీద కూర్చోబెట్టి, చెవి మెలిపెట్టి నేర్పిన తెలుగు అక్షరాలు ఇన్నాళ్ళకి అక్కరకొచ్చాయి. నీకు మాత్రం చెవి మెలిపెట్టకుండానే నేర్పాడు, కోడలివని. ఆ కోపం నాకింకా ఉంది.

ఒన్‌ఫ్లర్ అనే ఊళ్ళో ఉన్నాం. ఊరి మధ్యలో పాత రేవు. దాని చుట్టూ ఇళ్ళు, ఒక్కొక్కటీ ఆరేడు అంతస్తులు, వెడల్పు మాత్రం మన మెట్లదారి అంత. ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి. కింద నీళ్ళలో ఇంకో ఊరు తలకిందులుగా ఉంటుంది. పొద్దున్న లేచి కిటికీ తెరిస్తే ఏది పై ఊరో ఏది కింది ఊరో కాసేపు తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించదు.

ఇక్కడొక చర్చి అంతా చెక్కే. పూర్వం ఓడలు కట్టే వడ్రంగులు కట్టారట. వాళ్ళకి ఓడలు కట్టడమే వచ్చు, అందుకని రెండు ఓడల్ని బోర్లించినట్టు పైకప్పు వేశారు. లోపల నిలబడి తలెత్తితే, నీళ్ళడుగున ఉండి పైన పోతున్న ఓడని చూస్తున్నట్టుంటుంది. అన్నయ్యకి చెప్పు. రేవులో అన్నేళ్ళు మూటలు లెక్కపెట్టించినవాడు, నమ్మడు.

ఇంక మదాం సొలాంజ్ సంగతి. ఆవిడ నాన్న కస్టమ్స్ ఆఫీసరు. రెండు మూడేళ్ళకోసారి ఒక రేవు నుంచి ఇంకో రేవుకి బదిలీ. అందుకని ఆవిడ చిన్నతనం ఈ సముద్రపు ఊళ్ళన్నిటిలో కొంచెం కొంచెంగా పడి ఉంది. రంగూన్‌లో బంగళా ఖాళీ చేసి ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే మాట, "నన్ను మా ఇంటికి తీసుకెళ్ళు." ఏ ఊళ్ళో ఇల్లమ్మా అంటే ఊరి పేరు చెప్పదు, ఇల్లు చెబుతుంది. కిటికీలకి ఆకుపచ్చ రెక్కలు, చెక్కమెట్లు, కిటికీలోంచి పడవలు, సాయంత్రం గంట, చేతిలో తినుబండారం పెట్టుకుంటే వచ్చి ఎగరేసుకుపోయే తెల్లపిట్టలు. కూతురు క్లేర్ అక్టోబరు ఆఖరున ఆవిడని లా రొషెల్ అనే ఊళ్ళో వృద్ధాశ్రమంలో చేరుస్తుంది. క్లేర్ ఇల్లు ఆ ఊళ్ళోనే. ఈలోగా ఆ ఇల్లు ఒక్కసారి చూపిస్తానని మదాం చెయ్యి పట్టుకుని మాటిచ్చాను. పన్నెండేళ్ళు ఆవిడ వంటింట్లో నా ఇష్టారాజ్యంగా బతికాను వదినా, ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా?

ఇక్కడ ఆకుపచ్చ రెక్కల ఇల్లొకటి దొరికింది. పిట్టలూ ఉన్నాయి, పడవలూ ఉన్నాయి. ఎంత సంబరపడ్డానో! మదాం కిటికీ దగ్గర చాలాసేపు నిలబడి, "ఇది కాదు. నీళ్ళ రంగు తప్పు. మా ఇంటి ముందు నీళ్ళు పాలు పోసిన టీలా ఉంటాయి" అంది. ఆవిడకి ఈ మధ్య అలసట ఎక్కువైంది, అంతే.

నీ సుధ


బోటాటౌంగ్, రంగూన్
జూన్ నెల

సుధకి తాయారు వదిన దీవెనలు.

నీ ఉత్తరం నాలుగు ముక్కలుగా, మూడు రోజుల్లో వచ్చింది. ఆఖరి కాగితం ముందొచ్చింది. పాలు పోసిన టీ దగ్గర మొదలుపెట్టి ఓడల చర్చి దగ్గర ముగించాను. పూర్తిగా అర్థమైంది, నువ్వు రాసే తీరు ఎటునుంచి చదివినా ఒకటేలే.

టీ రంగు నీళ్ళే కావాలంటే అంత దూరం ఎందుకు? మా వీధి చివర నదినిండా ఉన్నాయి. వచ్చి బిందెలతో ముంచుకోమను మీ మదాంని.

మీ అన్నయ్య ఓడల చర్చి సంగతి విని, "ఓడ బోర్లా పడితే అందులో మనుసులు మునిగిపోతారు గాని పార్దన సేస్తారేటి?" అన్నాడు. ఆయనంతే.

అసలు మాటకొస్తాను. మార్గశిరంలో అమ్మవారి పండగ. నువ్వు నవంబరులోగా వస్తావా రావా? గుడిలో అప్పుడే అడుగుతున్నారు. నదిలో ముంచిన నీళ్ళలో పసుపు కలిపి, వేపమండలు పెట్టి, తొలి కుండ ఎత్తాల్సింది మన ఇంటి ఆడపడుచే. మీ తాత శ్రీకాకుళం వైపు నుంచి మూటలు మొయ్యడానికి ఓడెక్కినప్పుడు, బట్టలకంటే ముందు ఈ ఆచారాన్ని మూటకట్టుకున్నట్టున్నాడు. పోనీ నేనెత్తుతానంటే మీ అన్నయ్య, "కోడలెత్తితే అమ్మోరు ఒప్పుద్దేటే?" అంటాడు. ఈ ఇంటికొచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. ఇంకా కోడలినే. నువ్వు కుండ ఎత్తుకుని, తల దించుకుని, ఉలుకూ పలుకూ లేకుండా గుడిదాకా నడుస్తావు. వీధిలో ప్రతి గుమ్మంలోనూ నీ కాళ్ళమీద నీళ్ళు పోస్తారు. నేను వెనకాల వేపమండలు పట్టుకుని, ఆ బురదలో జారకుండా నడుస్తాను. నా రాత.

అలసట అని రాశావు. అలసిన మనిషి కాళ్ళు నొప్పులంటుంది, నీళ్ళ రంగు తప్పనదు. ఏటి సంగతి? నా దగ్గర దాచకు.

తాయారు


సాన్ మాలో
జూలై నెల

వదినా,

నీ దగ్గర దాగదని తెలిసే దాచాను. మదాంకి జ్ఞాపకం పోతోంది. పొద్దున్న నన్ను సుధా అంటుంది, మధ్యాహ్నం వాళ్ళ అమ్మ పేరుతో పిలుస్తుంది, సాయంత్రం నాకు పేరే ఉండదు. కన్నకూతురు క్లేర్‌ని చూసి "ఈ అమ్మాయి ఎవరు, మర్యాదగా ఉంది" అంటుంది. క్లేర్ నవ్వేసి, కారులోకి వెళ్ళి ఏడ్చింది. ఆ ఇల్లొక్కటే మదాంకి చెదరకుండా మిగిలింది. అదీ పోయేలోగా చూపించాలి. నా తొందరంతా అదే.

ఈ ఊరు మొత్తం ఒక కోట. గోడమీద నడిస్తే ఊరిని చుట్టేసి బయల్దేరిన చోటికే వస్తాం. మదాం చెయ్యి పట్టుకుని రోజూ చుడుతున్నాను. ఒక పక్క సముద్రం, ఒక పక్క ఇళ్ళ కిటికీలు. పొద్దున్న సముద్రం ఎక్కడికో వెళ్ళిపోతుంది. ఇసకలో నడిచి ఎదురుగా ఉన్న దీవి మీదికి వెళ్ళి, గడ్డిలో కూర్చుని రావచ్చు. సాయంత్రానికి మనం నడిచిన దారిలో చేపలు తిరుగుతాయి. కలలో కూడా ఇంత తీరిగ్గా ఎప్పుడూ నడవలేదు. కూర ఏం వండాలా అన్న ఆలోచన లేకుండా ఒక పూట గడుస్తుందని నాకు ఇంతకాలం తెలియనే తెలియదు.

యుద్ధంలో ఈ ఊరు కాలిపోయిందట. మళ్ళీ పాతదానిలాగే, రాయి రాయి పేర్చి కట్టారు. చూస్తే వందల ఏళ్ళనాటిదిలా ఉంటుంది, వయసులో మన నాన్నకంటే చిన్నది. మదాం ఒక గోడమీద చెయ్యి పెట్టి, "ఇదీ నాలాగే, గుర్తున్నట్టు నటిస్తోంది" అంది. కొన్ని పూటలు అంత తెలివిగా మాట్లాడుతుంది వదినా, ఏమీ పోలేదనిపిస్తుంది.

మదాం చదివిన బడి, వాళ్ళ నాన్న ఆఫీసు ఉన్న వీధి, అన్నీ క్లేర్ చూపించింది. కాదు, కాదు. "మా ఇంటికింద పొద్దున్నే చేపల పులుసు కాగుతుంది. ఆ వాసనకే మెలకువొస్తుంది" అంటుంది. రేవు ఊళ్ళో చేపల పులుసు కాగని వీధి ఏది? నేనూ క్లేరూ ముక్కులు ఎగబీల్చుకుంటూ పొద్దున్నే వీధులన్నీ తిరిగాం. రొట్టెల వాసన తప్ప ఏమీ లేదు.

ఒక చిత్రం. ఆవిడ అన్నం కావాలన్నా, చలేస్తోందన్నా ఫ్రెంచిలోనే అంటుంది. ఆ ఇంటి మాట వస్తే మాత్రం బర్మా భాషలోకి మారిపోతుంది. నాకు బాగా అర్థం కావాలని కాబోలు.

పండక్కి వస్తాను. అనే అనుకుంటున్నాను.

సుధ


బోటాటౌంగ్
ఆగస్టు

సుధకి,

వాన. పొద్దున్న మొదలైతే రాత్రిదాకా. నది వీధిలోకి రెండుసార్లు వచ్చి, పలకరించి వెళ్ళింది. బట్టలు ఆరడం లేదు. మీ అన్నయ్య గొడుగు టీ కొట్లో మర్చిపోయి, ఎవడో ఎత్తుకుపోయాడని ఊరంతా తిడుతున్నాడు. అది కొట్లో మేకుకే వేలాడుతోంది, నేను చూశాను. చెప్పలేదు, ఇంకో రెండు రోజులు తిట్టుకోనీ.

"అనే అనుకుంటున్నాను" అని రాశావు చూడు, ఆ ముక్క నాకు నచ్చలేదు. పెళ్ళికి ఒప్పుకోవాల్సినప్పుడు కూడా ఇలాగే "చూద్దాం" అంటూ అందర్నీ తిప్పి పంపావు. అది మంచికే అయిందనుకో. కానీ అమ్మవారిని తిప్పి పంపలేవు. నువ్వు రాకపోతే మీ చిన్నాన్న కూతురు రాధారాణి ఎత్తుతుందని అంటున్నారు. ఆ పిల్ల నాలుగడుగులు నడిచి ఫోను చూసుకుంటుంది. తల దించుకోవడానికి మాత్రం బాగా అలవాటు పడిందిలే.

నాకు కోపం ఎందుకొచ్చిందో చెప్పనా? నువ్వు అక్కడ హాయిగా ఉన్నావు. ఉండు, బాగా ఉండు. కానీ ఇల్లు నువ్వు లేకుండా బావురుమంటోంది. సాయంత్రం మెట్లమీద కూర్చుని వక్క కత్తిరించుకుంటూ ఎవరి మీద చాడీలు చెప్పను? పక్కింటి ఎస్తర్ మంచిదే గాని, ఏం చెప్పినా "పోనీ పాపం" అంటుంది. పాపమంటే చాడీకి రుచేముంటుంది!

ఒక మాట. మీరిద్దరూ ఆ ముసలావిడ ఇంటిని తలుపుల రంగు పట్టుకునీ, వాసన పట్టుకునీ వెతుకుతున్నారు. ఇల్లంటే కిటికీలేనా? ఆ గుమ్మంలోకి ఎవరొచ్చేవారో, ఎవరికోసం తలుపు తీసేదో అడుగు. నాకు మా పుట్టింటి గోడల రంగు గుర్తులేదు. మా అమ్మ గుమ్మంలో నిలబడే తీరు గుర్తుంది.

తాయారు


వాన్
సెప్టెంబరు

వదినా,

నువ్వు చెప్పినట్టే అడిగాను. ఎక్కడ అడిగానో కూడా రాస్తాను, చోటు అలాంటిది.

ఈ ఊరి ఇళ్ళు కర్రల చట్రాల మధ్య మట్టి పూసి కట్టినవి. పై అంతస్తులు వీధిమీదికి ఒరిగి ఉంటాయి, ఎదుటింటి వాళ్ళతో గుసగుసలాడుకుంటున్నట్టు. కోటగోడ కింద ఒక వాగు. వాగు ఒడ్డున పొడుగాటి పెంకుల కప్పు కింద చాకిరేవు. పూర్వం ఊళ్ళో బట్టలన్నీ అక్కడే ఉతికేవారట. ఇప్పుడు ఉతికేవాళ్ళు లేరు. రాళ్ళు మాత్రం అరిగి నున్నగా ఉన్నాయి. ఎండ నీళ్ళమీద పడి కప్పుమీద ఆడుతోంది. మదాం మేజోళ్ళు తీసేసి ఆ చల్లని రాతిమీద కాళ్ళు పెట్టుకుని కూర్చుంది.

"మీ ఇంటి గుమ్మంలోకి ఎవరొచ్చేవారమ్మా?" అన్నాను.

ఆవిడ కాలి బొటనవేలు నీళ్ళలో ముంచి తీసింది. తర్వాత బర్మా భాషలో నెమ్మదిగా చెప్పింది. "ఏడాదికొక పొద్దున ఒక పిల్ల వచ్చేది. చెప్పుల్లేకుండా, నెత్తిన ఆకుల కిరీటంతో. గుమ్మం ముందు ఆగేది. నేను వంగి ఆ పిల్ల కాళ్ళు కడిగేదాన్ని. ఒక్కసారి కూడా తలెత్తి నన్ను చూడలేదు. ఎవరో తెలియదు. ఇల్లు మారిపొమ్మని అందరూ చెప్పేవాళ్ళు. నేను మారితే ఆ పిల్ల వచ్చి, తలుపు మూసి ఉంటే వెళ్ళిపోతుంది కదా. అందుకే ఆ ఇల్లు అన్నేళ్ళు వదల్లేదు."

ఎస్తర్ వాళ్ళ బంధువుల చర్చిలో ఈస్టరు ముందు గురువారం ఫాదరు గారు పాదాలు కడుగుతారు చూడు, అలాంటిదే అనుకున్నాను. ఇక్కడి చర్చిలో పెద్దాయనని అడిగాం. చిన్నపిల్లలు పూల కిరీటాలు పెట్టుకుని చర్చికి నడవడం ఉండేదట గాని, ఇంటింటికీ వెళ్ళి కాళ్ళు కడిగించుకోవడం ఆయన ఎరగడు. క్లేర్ అయితే, "మా ఇంట్లో అంత భక్తి ఎవరికుంది?" అని నవ్వేసింది. వెతికే దారి అక్కడితో మూసుకుపోయింది.

ఇంకొకటి నీకు చెప్పాలి. క్లేర్ నన్ను ఉండిపొమ్మంటోంది. ఆశ్రమంలో రోజూ కాసేపు మదాం దగ్గర కూర్చుంటే చాలట. కాగితాల సంగతి తను చూసుకుంటానంది. నేను ఇంకా జవాబు చెప్పలేదు. నిజం చెప్పనా వదినా? మనింట్లో నేనెవరిని? ఏడాదికి ఒక్క పొద్దున వీధంతా నా కాళ్ళు కడుగుతుంది. మర్నాటి నుంచి ఒకళ్ళ ఇంట్లో వంటమనిషిని, ఇంకొకళ్ళ ఇంట్లో ఆడపడుచుని. నువ్వు లేకపోతే ఆ ఇంట్లో నాకు మాట్లాడే దిక్కే లేదు. ఈ ఊళ్ళలో తల ఎత్తుకుని తిరిగాను. కిటికీలు చూశాను, గోపురాలు చూశాను. నా వయసు నలభై తొమ్మిది. ఇన్నేళ్ళూ ఎటు చూస్తూ నడిచానా అనిపిస్తోంది.

మదాం ఇల్లు దొరక్కపోతే, ఇచ్చిన మాట తీర్చకుండా వచ్చేస్తే, అక్కడ నాకు నిద్ర పట్టదు. ఉండిపోతేనే నయమేమో.

సుధ


బోటాటౌంగ్
అక్టోబరు

సుధా,

కూర్చుని చదువు.

నీ ఉత్తరం రాగానే ఏడుపొచ్చింది, ఆ "నేనెవరిని" అన్న ముక్కకి. ఏడ్చి, మొహం కడుక్కుని మళ్ళీ చదివాను. మొదటిసారే తట్టాల్సింది, ఆలస్యంగా తట్టింది. ఒసేయ్ పిచ్చిదానా, ఆ పిల్లవి నువ్వే.

తొలి కుండ ఎత్తినదానివి, గుడి చేరేదాకా తల ఎత్తకూడదు. నువ్వు మా అందరికంటే గట్టిగా పట్టావు ఆ నియమం. నీ బొటనవేళ్ళు తప్ప నువ్వేం చూశావు? ఏ గుమ్మం ఎవరిదో, ఎవరు నీళ్ళు పోశారో నీకు తెలియదు. నేను వెనకాల నడిచినదాన్ని. నేను చూశాను. నది దగ్గర్నుంచి రెండో వీధి మలుపులో ఒక మేడ. చెక్కమెట్ల కింద గుమ్మంలో ఒక తెల్లావిడ నిలబడేది, బర్మావాళ్ళలాగే లుంగీ కట్టుకుని, చేతిలో అంచు పెచ్చులూడిన నీలం ఎనామిల్ జగ్గుతో. నువ్వు పాతికేళ్ళ లోపు పిల్లవి అప్పటికి. ఏటేటా ఆవిడే. మొక్కుబడిగా కాదు, మోకాళ్ళమీద కూర్చుని పోసేది. తర్వాత ఒక ఏడు ఆ తలుపు మూసి ఉంది. దేశం వెళ్ళిపోయి ఉంటుందనుకున్నాను. బహాన్ పేటలో బంగళాకి మారిందనీ, మరి కొన్నేళ్ళకి నువ్వు వెళ్ళి వంటకి కుదిరింది ఆవిడ దగ్గరేననీ నాకేం తెలుసు? పన్నెండేళ్ళలో మీ మదాం మొహం నేనొక్కసారీ చూడలేదు. ఎప్పుడొచ్చినా గేటు దగ్గరే నీతో మాట్లాడి తిరిగొచ్చేదాన్ని కదా.

ఆకుల కిరీటం ఏమిటనుకున్నావు? నీ కుండమీది వేపమండలు!

నేను అనుకుంటే చాలదని మీ అన్నయ్యని లాక్కుని ఆ మలుపుకి వెళ్ళాను. మేడ ఉంది. కిటికీ రెక్కల ఆకుపచ్చ వెలిసిపోయి బూడిదరంగుకి వచ్చింది. పైన ఎవరూ లేరు. కింద కొట్లో మోహింగా కాగుతోంది. నీ చేపల పులుసు వాసన అదే. కొట్టాయన కో చిట్ చెప్పాడు, వాళ్ళ నాన్న నడిపే రోజుల్లో పైన ఫ్రెంచి పాఠాలు చెప్పే దొరసాని ఉండేదట. సాయంత్రం పగోడా గంట వినగానే మెట్లు దిగి రేవుకి వెళ్ళి తెల్లపిట్టలకి వేయించిన గారెముక్కలు పెట్టేదట. నది అటు, టీ రంగులో. మొదటి ఉత్తరానికే వేళాకోళంగా చెప్పాను కదే, వచ్చి ముంచుకోమని! నా నోట అమ్మవారే పలికింది, ఎవరూ వినిపించుకోలేదు.

మీ అన్నయ్య ఆ గుమ్మంలో నిలబడి, "ఏటే, మన సుద కాలు ఈ రాయి మీదేనా ఎట్టింది?" అని చెప్పులు విప్పి దూరంగా పెట్టాడు. మనింట్లో నీకు మాట్లాడే దిక్కు లేదన్నావు. నాకు తెలిసి ఆ మనిషి ఇంకే గుమ్మం ముందూ చెప్పులు విప్పలేదు.

ఒకటి అడగాలని ఎన్నో ఏళ్ళుగా ఉంది. ఆ ఒక్క గుమ్మం దగ్గర నీ నడక ఒక్క అడుగు ఆలస్యమయ్యేది. మిగతా చోట్ల ఆగీ ఆగకుండా సాగిపోయేదానివి. అక్కడ మాత్రం పాదం తియ్యబుద్ధి కానట్టు నిలబడేదానివి. వెనకాల నేను బురదలో జారుతూ తిట్టుకునేదాన్ని. తల ఎత్తలేదు, ఎవరో తెలియదు. మరి ఎందుకాగేదానివి?

ఉండిపోతావో వచ్చేస్తావో నీ ఇష్టం. ఇల్లు మాత్రం దొరికింది. ఆవిడకి చెప్పు.

వదిన


లా రొషెల్
అక్టోబరు ఆఖరు

వదినా,

ఎందుకాగేదాన్నో చెబుతాను. అక్కడ నీళ్ళు గోరువెచ్చగా ఉండేవి.

మార్గశిరం చలిలో, తెల్లారకుండా, అన్ని గుమ్మాల్లోనూ చన్నీళ్ళే. కాళ్ళు కొంకర్లు పోయేవి. ఆ ఒక్క గుమ్మంలో మాత్రం ఎవరో నీళ్ళు కాచి పోసేవారు. ఎవరో నాకు తెలియదు. అమ్మవారే అనుకునేదాన్ని. ఎవరికీ చెప్పలేదు, నీక్కూడా. తర్వాత ఒక ఏడు ఆ వెచ్చదనం రాలేదు. ఆ రోజు గుడిలో కుండ దించాక ఏడిస్తే, భక్తి అన్నారు అందరూ.

ఆ అంచు పెచ్చులూడిన నీలం జగ్గులో పన్నెండేళ్ళు నేను గరిటెలు పెట్టుకున్నాను.

నీ ఉత్తరం ఈ ఊరి రేవులో చదివాను. రేవు నోట్లో అటొక బురుజు ఇటొక బురుజు. పూర్వం చీకటి పడితే రెండిటి మధ్యా గొలుసు లాగి రేవుని మూసేసేవారట. వాన వస్తోంది. ఈ ఊళ్ళో వీధుల పక్క పొడుగునా రాతి కమానులు. మన పబేడాన్ బజారులో లాగే, తల తడవకుండా ఊరంతా తిరగొచ్చు. వాటి కింద ఎంతసేపు నడిచానో తెలియదు. అది ఏ ఊరో కూడా కాసేపు తెలియలేదు. ఒక మలుపు తిరిగితే మన వీధి వస్తుందనిపించింది.

మదాంకి ఏమని చెప్పను? ఏ పేరు చెప్పినా సాయంత్రానికి ఉండదు. అందుకని చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే క్లేర్ వంటింట్లోంచి రాగి గిన్నె తీసుకున్నాను. పెట్లో నీ పసుపు ఉంది, కలిపాను. వేప ఎక్కడ దొరుకుతుంది? పెరట్లో ఏవో నాలుగు కొమ్మలు విరిచాను, అమ్మవారు సర్దుకుంటుందిలే. చెప్పులు విడిచి, గిన్నె నెత్తిన పెట్టుకుని, తల దించుకుని, వీధి చివర నుంచి నడిచాను. కుక్కని తిప్పుతున్న పెద్దమనిషి ఒకాయన నిలబడిపోయాడు. ఆయన బూట్లు మాత్రమే చూశాను. రాళ్ళు మంచులా ఉన్నాయి. క్లేర్ ఇంటి గుమ్మం ముందుకొచ్చి ఆగాను.

తలుపు తెరుచుకుంది. మదాం పాదాలు కనిపించాయి. కాసేపు కదల్లేదు. తర్వాత లోపలికి వెళ్ళిపోయాయి. అయిపోయింది, ఆవిడకి గుర్తు లేదు, అనుకున్నాను. లోపలినుంచి క్లేర్ గొంతు, "అమ్మా, పొయ్యి దగ్గరికెందుకు? ఏం కావాలి?" మదాం గొంతు, బర్మా భాషలో, విసుగ్గా, "ఉండు, ఉండు. ఆ పిల్ల వచ్చింది. రాయి చల్లగా ఉంటుంది."

నీళ్ళు కాగేదాకా నిలబడ్డాను. మెడ నొప్పెట్టింది. ఎంతసేపైనా నిలబడేదాన్ని.

వచ్చింది. మోకాళ్ళమీద కూర్చుంది. పోసింది. అవే నీళ్ళు, అంతే వెచ్చగా. నా పాదాలకి ఇరవై ఏళ్ళు మధ్యలో జరగనట్టే ఉంది. ఆవిడ అరచేత్తో మడమ తుడిచింది.

అప్పుడు తల ఎత్తాను. నియమం తప్పాను. అమ్మవారు ఏమంటుందో నేను చూసుకుంటాను.

మదాం నా మొహంలోకి చూసింది. ఎంతసేపు చూసిందో. "నువ్వా సుధా!" అంది. పేరుతో. "రోజూ అన్నం పెట్టావు, ఒక్క రోజైనా చెప్పలేదేం?" నాకు తెలిస్తే కదా చెప్పడానికి! ఇద్దరం ఆ తడి గుమ్మంలోనే కూర్చుని నవ్వాం. క్లేర్ తువ్వాలు పట్టుకుని నిలబడి, నవ్వాలో ఏడవాలో తెలియక మా ఇద్దరి కాళ్ళూ తుడిచింది. తర్వాత మదాం ఇల్లంతా ఒకసారి చూసి, "తలుపు వెయ్యి, ఇల్లు తడిసిపోతుంది" అంది. ఆ రోజు నుంచి మళ్ళీ మా ఇంటికి తీసుకెళ్ళమని అడగలేదు.

నిన్న ఆశ్రమంలో చేర్చాం. కిటికీలోంచి రేవు కనిపిస్తుంది. నా పేరు మళ్ళీ పోయింది. పోతేనేం. నేను గదిలోకి అడుగు పెడితే ముందు నా కాళ్ళ వైపు చూసి, చలేస్తోందా అని అడుగుతుంది. వదిలి రావడం కష్టంగానే ఉంది. క్లేర్‌కి చెప్పాను, నేను వెళ్ళాలని. రోజూ ఆవిడ పాదాలకి వెచ్చని నీళ్ళు పొయ్యడం క్లేర్‌కి నేర్పాను. బాగా పోస్తోంది.

నవంబరు రెండో వారంలో వస్తున్నాను. అన్నయ్యకి చెప్పు, తన చెల్లెలు ఇంటికే వస్తోందని.

వచ్చేలోగా ఒక పని ఉంది నీకు. రాధారాణికి చెప్పెయ్యి, తొలి కుండ ఆ పిల్లది కాదు. నాదీ కాదు. ఈ ఏడు నువ్వెత్తాలి. అన్నయ్య ఏమైనా అంటే ఆడపడుచు మాట అని చెప్పు, ఆ మాట కాదనడానికి ఆయనకి నోరు రాదు. వేపమండలు పట్టుకుని నీ వెనకాల నేను నడుస్తాను వదినా. ఆ గుమ్మాలన్నీ నేనింకా చూడలేదు.

సుధ